కళ్ళు మూసుకుని దేశం దాటాను

ఒమాన్ నుంచి గెంటించుకోవాలంటే దొంగతనం చేయాలి, లేదా ఎవరి తలైనా పగలగొట్టాలి. నేను ప్రార్థన చేశాను. అదొక్కదానికే నా కొంప కొల్లేరు అయ్యేంత పనైంది. వినండి.

డెబ్బైల నాటి మాట. మా ఆయన పోయాక ఒమాన్ వచ్చి, రూవిలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరాను. నాకు వేలిముద్రే సంతకం. ప్రార్థన మొదలుపెడితే మాత్రం మా పేట పాస్టరుగారే వాచీ చూసుకునేవారు. పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు, వాళ్ళ గేదెలు, ఎవరినీ వదిలేదాన్ని కాదు.

దేశం సరిహద్దు దగ్గర షినాస్ అనే ఊళ్ళో నర్సుగా ఉన్న మా పెద్దమ్మ కూతురు మరియమ్మక్క ఒక శుక్రవారం ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంది. టాక్సీ ఎక్కాను. బలూచీ డ్రైవరుకు హిందీ వచ్చు, నాకు వార్డులో అబ్బిన హిందీ ఉంది. ఆసుపత్రి ఆడవాళ్ళందరినీ అతను సిస్టర్ అనేవాడు. ఆయానని నేనూ చెప్పలేదు లెండి, వినడానికి బాగుంది.

"షినాస్ వస్తే చెప్పు బాబూ" అని, దారిలో సోహార్ ఊరు దాటగానే కొంగు ముసుగేసుకుని, తల వంచి కళ్ళు మూశాను.

తెరిచేసరికి ఎదురుగా వేరే జెండా ఎగురుతోంది.

"ఇదేం ఊరు?"

"ఫుజైరా సిస్టర్. ఒమాన్ అయిపోయింది."

"షినాస్ ఏదీ?"

"ఎప్పుడో వెనక్కి పోయింది."

"చెప్పవేం?"

"దేవుడితో మాట్లాడుతున్న మనిషిని మధ్యలో ఆపమంటావా? పాపం కాదూ."

"మరి సరిహద్దు గేటు దగ్గర పోలీసు?"

"తొంగి చూశాడు. ముసుగు చూసి మా ఇంటి మనిషివనుకున్నాడు. ప్రార్థనలో ఉందంటే సలాం పెట్టి పొమ్మన్నాడు."

దేశం దాటాలంటే పాస్‌పోర్టు కావాలి, అది ఆసుపత్రి ఆఫీసు బీరువాలో ఉంది. యజమాని అనుమతి కాగితం కావాలి, అది ఇంకా పుట్టనే లేదు. ఇవి లేకుండా బయటికి పోయిన మనిషికి నివాసం కార్డు రద్దు చేసి బొంబాయి విమానం ఎక్కిస్తారు. ఊళ్ళో నా ఇద్దరు ఆడపిల్లల చదువు ఈ డ్యూటీ మీదే నడుస్తోంది. బండి తిప్పించాను.

గేటు దగ్గరికొచ్చేసరికి పోలీసు మారిపోయాడు. వీడికి హిందీ వచ్చు గానీ, సలాం బాపతు కాదు.

"పాస్‌పోర్టు?"

"రూవిలో ఉందయ్యా" అని నివాసం కార్డు అతని చేతికిచ్చాను.

"అది లేకుండా బయటికెలా వెళ్ళావు?"

"నేను వెళ్ళలేదు. బండి వెళ్ళింది. నేను ప్రార్థనలో ఉన్నాను."

డ్రైవరు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నిజం సార్. సోహార్ నుంచి తల ఎత్తలేదు."

"అంతసేపు ఎవరు ప్రార్థిస్తారు? నిద్రపోయి ఉంటుంది."

కార్డు పోతుందన్న భయం కూడా మరిచిపోయాను. నన్ను ఏమైనా అనండి, నా ప్రార్థనని నిద్ర అంటే ఊరుకోను.

"చూడు మరి" అని గేటుకి అడ్డంగా మోకాళ్ళేసి గొంతెత్తాను.

పేట అయింది, పుట్టింటి ఊరు అయింది. నా వెనక బండ్లు పేరుకున్నాయి. ఒక్కడూ హారన్ కొట్టలేదు, ప్రార్థన కదా. నన్ను లేపడానికి పోలీసుకీ చేతులు రాలేదు. చివరికి లోపల గదిలోంచి పెద్దాఫీసరు వచ్చాడు. ఆయన ఏమన్నాడో డ్రైవరు తర్వాత చెప్పాడు.

"ఎంతసేపటి నుంచి?"

"ఒక నమాజు నుంచి ఇంకో నమాజు వేళ కావచ్చింది సార్."

"ఈమెని పట్టుకుంటే రేపు కూడా ఇక్కడే ఉంటుంది. ఏమీ రాయకు, పంపెయ్."

నా భుజం తట్టి కార్డు చేతిలో పెట్టారు. అప్పటికింకా నేను అత్తింటివాళ్ళ దాకా రానేలేదు.

షినాస్ చేరాక కూటం ముందు నిలబడ్డాను. ఒట్టు పెట్టుకోకూడదని వాక్యం ఉంది గనక తీర్మానం చేశాను: బతికున్నంతకాలం బండిలో ఒక్క కన్నే మూసి ప్రార్థిస్తాను. రెండో కన్ను ఊళ్ళ పేర్లు చూసుకుంటుంది. చదవడం రాదంటారా, పక్కవాణ్ణి అడుగుతుంది.