యాడ రాసుండాది రామప్ప

ధర్మవరం మగ్గాల వీధిలో రామప్పతో “కూడదు” అన్నవాళ్ళు ఆ పూట ఇంకో పని పెట్టుకోరు. ఎందుకంటే ఆయన నిమ్మళంగా ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు: “యాడ రాసుండాది?”

ఆసుపత్రిలో చెప్పులు బయట విడవమన్నారు. యాడ రాసుండాదని అడిగితే బోర్డు చూపించారు. “ఆడ పాదరక్షలు అని రాసుండాది. ఇవి నా పాదాల్ని రక్షించి మూడేండ్లయింది,” అని రామప్ప అరిగిన చెప్పులు రెండూ ఎత్తి నర్సు ముందు పెట్టాడు. ఒక పెళ్ళిలో పాయసం మనిషికి ఒక్కసారే అన్నారు. రామప్ప వడ్డించేవాడి చేత వంటవాణ్ణి, వంటవాడి చేత పెళ్ళికూతురి తండ్రిని పిలిపించాడు. అలాగని ఎక్కడా రాయలేదని ఆయన ఒప్పుకునేసరికి పాయసం చల్లారిపోయింది. రామప్ప దాన్నే మూడుసార్లు పోయించుకున్నాడు.

ఇవన్నీ చూస్తే కోడలు సుధకు చెమటలు పట్టేవి. మడకశిర దగ్గరి పల్లె నుంచి ఈ ఇంటికొచ్చి రెండేళ్ళయింది గానీ, “కాదు” అనే మాటను పుట్టింట్లోనే మర్చిపోయి వచ్చినట్టుంది. అత్త రత్నమ్మ మూడో ముద్ద పెడితే తినేది. పక్కింటి యశోద తన బిందెలు కూడా పట్టమంటే పట్టేది. జ్వరంతో మూలుగుతూ కూడా “బాగుండా అత్తా” అనేది.

అలాంటి ఇంటికి ఒకరోజు రామప్ప హిందూపురం నుంచి గాజుపెట్టె మోసుకొచ్చాడు. ఆయన చెల్లెలి ఇంటి మేడమీద అద్దెకున్న కుర్రాడు బెంగళూరుకు మారుతూ వదిలేసిన జెర్బిళ్ళ జంట అందులో ఉంది. చూడ్డానికి ఎలుకలే. కాకపోతే తోకనిండా వెంట్రుకలు, చివర కుచ్చు.

బస్సులో జంతువుల్ని తేకూడదని కండక్టర్ బోర్డు చూపించాడట.

“కోళ్ళు, మేకలు, కుక్కలు అని రాసుండాది. జెర్బిల్ అని యాడ రాసుండాది?”

పెనుకొండ దాకా ఆ బోర్డును కండక్టర్ చదివి వినిపించాడు. పెనుకొండ నుంచి ధర్మవరం దాకా రామప్ప చదివి వినిపించాడు.

“పట్టు నేసే ఇంట్లోకి ఎలుకల్ని తెస్తారా ఎవరన్నా?” అని రత్నమ్మ తల కొట్టుకుంది. రామప్ప ఏమడిగాడో చెప్పనక్కర్లేదు.

ఇరవై రోజులు తిరక్కముందే పెట్టెలో అయిదు పిల్లలు పుట్టాయి. ఒక్కొక్కటి వేరుశనక్కాయంత. ఒంటిమీద నూగు లేదు, కళ్ళు తెరవలేదు, చెవులు అతుక్కుని ఉన్నాయి. సుధ వాటిని చూసిన చూపు మళ్ళీ తిప్పలేదు. ఆ రోజంతా ఫోనులో వాటి గురించే చదివింది.

రామప్ప గుప్పెడు తెగిన పట్టుదారాలు తెచ్చాడు. “ధర్మవరంలో పుట్టినాయి. పట్టులోనే పండుకోల్ల.”

“వద్దేమో మామా... దారం కాళ్ళకు సుట్టుకుంటే కాలే పోతాదంట.”

“యాడ రాసుండాది?”

సుధ ఫోను చూపించింది. రామప్ప కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, దారాలు జేబులో వేసుకున్నాడు. సుధ మెత్తటి కాగితాలు చింపి పెట్టెలో వేస్తే తల్లి వాటిని లాక్కెళ్ళి గూడు కట్టుకుంది. మగదాన్ని తీసేయకపోతే పిల్లల్ని తినేస్తుందని యశోద భయపెట్టింది. తీరా చూస్తే, తల్లి మేతకు లేచినప్పుడల్లా తండ్రే పిల్లల మీద పడుకుని వెచ్చబెడుతోంది.

మర్నాడు అసలు గొడవ మొదలైంది. సుధ మొగుడు శివశంకర్ మగ్గం మీద దెబ్బ వేసినప్పుడల్లా తల్లి జెర్బిల్ బెదిరి వెనక్కాళ్ళతో దబదబా నేల కొడుతోంది.

“మగ్గం నిలుపు,” అన్నాడు రామప్ప.

“పెండ్లి చీర నాయనా! నిలపకూడదు.”

“యాడ రాసుండాది?”

తండ్రీకొడుకులు మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. చీర బెత్తెడు కూడా సాగలేదు. చివరికి సుధ గడప పట్టుకుని, “పెట్టెను కుదపకుండా మెల్లగా ఎనకింట్లోకి మోస్తే సరిపోతాదేమో,” అని గొణిగింది.

“ఇది పొద్దున్నే సెప్పుంటే!” అన్నాడు శివశంకర్. సుధ తల వంచుకుంది. రామప్ప మాత్రం ఆమెకేసి చాలాసేపు చూశాడు.

అయిదో పిల్ల మరీ చిన్నది. మిగతావి తోసేస్తుంటే దానికి పాలు అందేవి కావు. “అది బతకదులే,” అంది యశోద. “యాడ రాసుండాది?” అన్నాడు రామప్ప. ఈసారి ఆయన ముఖంలో నవ్వు లేదు. మనిషి వాసన అంటకుండా సుధ తన చేతులకు గూటి కాగితాల వాసన పట్టించుకుని, పెద్ద పిల్లలు రెండింటిని వెచ్చటి గుడ్డలో పెట్టి ఆయన దోసిట్లో ఉంచేది. ఆ కాసేపట్లో చిన్నది పాలు తాగేది. అరవై అయిదేళ్ళ రామప్ప అంతసేపూ దగ్గు కూడా ఆపుకుని కూర్చునేవాడు.

వారానికి వెంట్రుకలొచ్చాయి. పద్దెనిమిదో రోజున నాలుగు పిల్లలూ కళ్ళు తెరిచాయి. చిన్నది ఇంకో రెండు రోజులు తీసుకుని, తెరవగానే సుధ వేలు కొరికింది.

మూడు వారాలు నిండిన రోజు శావుకారు రామాంజినేయులు వచ్చాడు. ఆ వీధికి పట్టుదారమూ జరీ ఇచ్చేది, నేసిన చీరలు తీసుకునేది ఆయనే. ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

“మా మనవరాలు అడుగుతాండాది. ఆ చిన్నపిల్లను ఇయ్యండప్పా.”

“తీస్కపో శావుకారీ,” అన్నాడు రామప్ప. రత్నమ్మ అప్పుడే అట్టపెట్టె వెతుకుతోంది. శివశంకర్ మగ్గంలోంచి తలెత్తలేదు.

“ఇచ్చేదానికి ల్యా.”

ఆ ‘లేదు’ ఎవరన్నారా అని అందరూ చుట్టూ చూశారు. అన్నది సుధే.

“ఇంగా పాలు తాగుతాండాది. అయిదు వారాలు నిండల్ల.”

“అంతవరకూ ఇయ్యకూడదని యాడ రాసుండాది?” అన్నాడు రామప్ప.

ఫోను సుధ చేతిలోనే ఉంది. ఆమె దానివైపు చూడలేదు. “యాడ రాసుంటే ఏమి మామా? నేను సెప్తాండా. ఈ పెట్టె మీద ఎవర్నీ సెయ్యి పెట్టనీను.”

మగ్గం ఆగిపోయింది. శావుకారు బెంచీమీద కూలబడి చెమట తుడుచుకున్నాడు.

“అయిపాయనా రామప్పా? ఇంగ నేను పోవచ్చా? ఎలకల్ని చూస్తే నాకు పానం పోతాదని నీకు తెల్సు. నిజంగా ఇచ్చేసుంటే నేనేం చేసేది? పైగా మనవరాలంట! నాకుండేది ఇద్దరూ మనవళ్ళే గదప్పా!”

సుధ మామ వైపు తిరిగింది. రామప్ప గోడ కేసి చూస్తూ మెడ గోక్కున్నాడు.

“రెండేండ్లుగా కాచుకోనుండా పాపా,” అన్నాడు. “నీ నోట్లోంచి ఒక్క ‘ల్యా’ ఇనల్లని. మా మాటకు రాలేదు, యశోద బిందెలకు రాలేదు. శావుకారి ముందర వస్తే ఇంగ యాడైనా వస్తాది అనుకొంటి.”

సుధకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ముఖం ఎర్రబడింది.

“ఈ రెండు దినాలు నువ్వు ఈ పెట్టె దగ్గరికి రాకూడదు మామా!”

రామప్ప నోరు తెరిచాడు. రత్నమ్మ, శివశంకర్, శావుకారు ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

ఆయన నోరు మూసుకున్నాడు. “పద శావుకారీ, టీ తాగుదాం,” అంటూ గడప దాటాడు.