బయటి బోల్టు

ఆ పూట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది, నా మీద నాకే మండుతుంది. గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు హాలేజీ ఇంజిను నడిపినవాడిని. తాడు కట్టి బొగ్గు టబ్బులను గనిలోంచి పైకి లాగే ఇంజిను అది. బ్రేకు గురించి నాకు ఇంకొకరు చెప్పాలా!

నా భార్య తమ్ముడు బసంత్‌నగర్‌లో ఉంటాడు. పాత బండ్లంటే పిచ్చి. మంచిర్యాల తుక్కు దుకాణం నుంచి వందేళ్ల నాటి కారు తెచ్చి, రెండేళ్లు తంటాలు పడి నడిచేలా చేశాడు. దానికి మనం ఎరిగిన గేర్లు లేవు. మూడు పెడళ్లు, లోపల మూడు డ్రమ్ములు, ఒక్కో డ్రమ్ము చుట్టూ ఒక పట్టీ. పెడల్ తొక్కితే దాని పట్టీ బిగుసుకుంటుంది. ఒకటి మెల్లగా ముందుకు పోవడానికి, ఒకటి వెనక్కి, ఒకటి బ్రేకుకు.

"బ్రేకు పడ్తలేదు బావా. చేతి బ్రేకు గూడ అరిగింది. డ్రమ్ముల మీది మూత తీసి ఏ పట్టీ దేనిదో చూద్దామా?" అన్నాడు.

"మూతెందుకు? బోల్టు బయటనే ఉన్నది గదా!" అన్నాను.

మా హాలేజీ ఇంజినుకు బ్రేకు బోల్టు బయటే, చేతికి అందేలా ఉండేది. ఈ కారుకూ కుడిపక్క, బ్రేకు పెడల్ వైపే ఒక బోల్టు కనిపించింది. ఇంకేం, బలం కొద్దీ బిగించాను. చక్రం కింద అతను పెట్టుకున్న కర్రమొద్దును కూడా నేనే లాగి అవతల పారేశాను. టబ్బు కింద మొద్దు పెట్టనివాళ్లను నోటికొచ్చినట్టు తిట్టినవాడినే నేను.

"నువ్వు బిగించినంక ఇగ ఫికర్ ఏంది బావా," అంటూ అతను కారు ముందు నిలబడి ఇంజిను స్టార్టు చేసే హ్యాండిల్ తిప్పాడు. అతని వెనక షెడ్డు గోడ.

ఇంజిను అందుకుంది. కారు కదిలింది. సీట్లో కూర్చున్న నేను ఏ పెడలూ తొక్కలేదు! బ్రేకు మీద రెండు కాళ్లూ వేసి తొక్కాను. మెత్తగా దిగిపోయిందే తప్ప పట్టలేదు. అతని వీపు గోడకు ఆనింది. "బావా!" అని ఒకటే కేక. ఇంజిను ఆపే స్విచ్ ఎక్కడుందో మర్చిపోయాను. తడుముకుని తిప్పేసరికి కారు ముందుభాగం అతని పొట్టకు ఆని ఆగింది.

దిగి కారును వెనక్కి నెట్టాను, అతను దెబ్బ తగలకుండా పక్కకు వచ్చాడు. ఇంటికి పోయి వాళ్ల అక్కకు ఏం చెప్పేవాడిని?

తర్వాత మూత తీశాం. నేను పెడళ్లు ఒక్కొక్కటే తొక్కుతుంటే ఏ పట్టీ కదులుతోందో అతను చూశాడు. నేను బిగించింది ముందుకు నడిపే పట్టీ. దాని బోల్టు ఒక్కటే బయట ఉంది. బ్రేకుది లోపల, వదులుగా అలాగే ఉంది. ముందుకు నడిపేదాన్ని వదులు చేసి, బ్రేకుదాన్ని బిగించాం.

"ఈసారి హ్యాండిల్ నేను తిప్పుత," అన్నాను.

అతను వద్దనలేదు. నేను పారేసిన మొద్దును వెతికి తెచ్చి, చక్రం కింద దూర్చి, కాలితో రెండుసార్లు తన్ని చూసుకున్నాడు. నా మొహం వైపు మాత్రం చూడలేదు.