టెస్టర్‌లో పోసిన బయటి నూనె

జహీరాబాద్‌లో మాది డీజిల్ బండ్లలో ఇంజన్‌లోకి నూనె చిమ్మే నాజిళ్లు బాగుచేసే కొట్టు. బడికి వెళ్లని నాకు ఇంట్లో మా నాన్న చదువు చెప్పారు, పెళ్లయ్యాక నా భర్త ఈ పని నేర్పారు. అలాంటి ఇద్దరిని ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను. నా భర్త పోయాక కొట్టును నేనూ మామగారూ నడిపించాం. ఆ చలికాలం నాలో ఏదీ కదలలేదు. లేచి లింగపూజ చేసుకుని కొట్టు తెరిచేదాన్ని, అంతే.

ఒకరోజు ఝరాసంగం ఆటో అతను మళ్లీ వచ్చాడు. పొద్దున బండి ఒక పట్టాన స్టార్ట్ కావడం లేదు, అయ్యాక తెల్లటి పొగ.

"నాజిల్ కొత్తదేసిన్రు, పొగ మాత్రం పాతదే అక్కా. పొద్దటి గిరాకీ అంత వేరే ఆటోలెక్కి పోతున్రు."

మామగారు నన్ను పక్కకు పిలిచారు. "ఈసారి గూడ కాకుంటె కొట్టు కిరాయికిచ్చేద్దాం బిడ్డా, ఒకాయన అడుగుతుండు. ఇగ మనల్ని ఎవలు నమ్ముతరు?"

"సరే మామా" అన్నాను. బాధ కూడా కలగలేదు.

నాజిల్‌ను విప్పి, అది ఎలా చిమ్ముతుందో చూసే టెస్టర్‌కు బిగించి మీట నొక్కాను. డీజిల్ మంచులా విచ్చుకుంది. ఎప్పుడు చూసినా ఇంతే. టెస్టర్‌లో శుభ్రమైన డీజిల్ తప్ప మరేదీ పోయకూడదన్నది నా భర్త పెట్టిన నియమం.

"బండిల ఏం పోస్తున్నవ్ తమ్మీ?"

"సగం డీజిల్, సగం బయోడీజిల్. వంటనూనెతోని చేసింది, అగ్గువకొస్తది."

"జర ఒక సీసల తీస్కరా."

మామగారు చూస్తుండగానే టెస్టర్ ఖాళీ చేసి అతను తెచ్చింది పోశాను. మీట బరువుగా దిగింది. విచ్చుకోవాల్సింది సన్నటి ధారగా దూరం పోయి, ఎదురుగా పట్టుకున్న కాగితం మీద పెద్ద చుక్కలై కారింది. చల్లటి ఇంజన్‌లో అలా పడిన నూనె సరిగా కాలదు, పొగై బయటికి వస్తుంది. అదే నూనెను సీసాతో వేడినీళ్లలో ఉంచి పోస్తే కొంత విచ్చుకుంది.

"నాజిల్ మంచిగనే ఉంది. చలికి ఈ నూనె చిక్కగైతుంది. పది చెంబుల డీజిల్‌కు ఇది ఒక్క చెంబే కలుపు."

"మరి నా నాజిల్‌ను గన్నిసార్లు ఎందుకిప్పిన్రు?"

"ఇన్ని రోజులు డీజిల్‌తోనే చూస్తిమి గద తమ్మీ, నీ నూనె సంగతి తెల్వలే."

అతను తల గోక్కుని వెళ్లిపోయాడు.

టాంకులో పాత నూనె అయిపోయాక, ఒక చలి పొద్దున అతని ఆటో నిండా జనంతో మా ముందు నుంచి పోయింది. ఆగలేదు, హారన్ కొట్టాడు. వెనక పొగ లేదు.

"కిరాయికి అడిగినాయనకు లేదని చెప్తా" అన్నారు మామగారు.

దేవుడి దయ అనుకున్నాను. సంతోషం మాత్రం రాలేదు. రాకపోయినా దండం పెట్టుకున్నాను.