తేదీ లేని రాజీనామా

మా బట్టల షాపు మేనేజరు గారు ఏం రాసినా, సిరా ఆరేదాకా కాగితం మొహం దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదేవారు. తొంభైల్లో, భవానీపురం నుంచి వెళ్లి ఆ షాపులో చేరిన రోజే నాచేత రాజీనామా రాయించుకున్నారు. తేదీ మాత్రం వెయ్యనివ్వలేదు.

"చేరకముందే రాజీనామా ఏంటండీ?"

"ఊరికేనమ్మా, పద్ధతి కోసం. అందరి దగ్గరా తీసుకుంటాం" అని నా సంతకం మీద ఊదారు.

ఓనరు గారికి ఎవరి మీద కోపమొస్తే వాళ్ల కాగితం సొరుగులోంచి బయటికొచ్చేది. మేనేజరు గారు తేదీ వేసి ఊదారంటే, ఆ మనిషి తనంతట తనే మానేసినట్టు. ఆ ఊపిరంటే మాకు హడలు.

ఏడో నెలలో నేను కాన్పు సెలవు అడిగాను. ఓనరు గారు నా కాగితం తీసి మేనేజరు గారి ముందు పడేశారు.

"తేదీ వెయ్యండి."

ఆయన పెన్ను మూత తీశారు. నా వంక చూసి మళ్లీ పెట్టేశారు.

"కాన్పు సెలవు అడిగిందని తీసేస్తే చట్టం ఒప్పుకోదండీ. ఇది నేను వెయ్యను."

ఓనరు గారు సొరుగు అడుగు నుంచి పసుపెక్కిన ఇంకో కాగితం లాగి బల్ల మీద పెట్టారు. అది మేనేజరు గారి రాజీనామా.

మేనేజరు గారు మళ్లీ పెన్ను మూత తీశారు. దాని మీద తేదీ వేసి, అలవాటుగా ఎత్తి ఊదారు. తర్వాత నా కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

"ఇంటికెళ్లి పొయ్యిలో పెట్టమ్మా. అదీ పద్ధతి."