పరంజ్యోతి నంబర్‌కు ఇక రింగ్ ఇవ్వకండి

ముందుగా నా తెలుగును మన్నించండి. నేను చదివింది కన్నడ మీడియం. బి.ఎ. కూడా పగలు పని చేసుకుంటూ రాత్రి కాలేజీలో పూర్తి చేశాను. నాకున్న తెలుగు మా ఇంటిదీ, మా మిషన్ చర్చి ప్రార్థనలదీ. తప్పులుంటే దిద్దుకొని చదవండి. కానీ చివరిదాకా చదవండి.

నిన్న ఉదయం ఎప్పటిలాగే పరంజ్యోతికి ఒక రింగ్ ఇచ్చాను.

ఎవరో ఫోన్ ఎత్తారు.

ఆ ఫోన్ ఎత్తేది కాదు. మన ఏర్పాటే అది. మనం ఒక రింగ్ ఇచ్చి కట్ చేస్తే "బాగున్నాను" అని. అతను తిరిగి ఒక రింగ్ ఇస్తే "సరే" అని. కట్ చేయకుండా మోగిస్తే "రా" అని.

"ఎవురు?" అంది ఒక కొత్త గొంతు.

"పరంజ్యోతి లేడా?"

"తెల్లారుజామున పొయినాడు. ఊపిరాడలే. నేను వాళ్ళన్నని. నువ్వెవురు?"

ఫోన్ పెట్టేశాను.

మన నెట్ గ్రూప్‌లో కొత్తగా చేరినవారి కోసం చెబుతున్నాను. పరంజ్యోతికి కౌల్ బజార్‌లో సెల్ రీచార్జ్ అంగడి ఉండేది. పోలియో వల్ల రెండు కాళ్ళూ లేవవు. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి. తన మనసు మగవాళ్ళ వైపేనని, పెళ్ళి చేసుకోనని ఇంట్లో తేల్చి చెప్పినవాడు.

ఒంటికో, బుద్ధికో ఒక ఇబ్బంది. దానిమీద లోకం ఒప్పుకోని ఒక ఇష్టం. ఈ రెండూ మోసేవాళ్ళం ఆదివారం మధ్యాహ్నం అతని అంగట్లో షటర్ సగం దించుకొని కూర్చునేవాళ్ళం. మాట్లాడాలనుకున్నవారు మాట్లాడేవారు. శబ్దం పడనివారు గోడవైపు తిరిగి కూర్చునేవారు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.

నాకు మూర్ఛ ఉంది. అక్కడే ఎన్నోసార్లు పడిపోయాను. కళ్ళు తెరిస్తే పరంజ్యోతి ఒకటే అనేవాడు: "లేసినావా సార్? టీ సల్లారిపాయె."

జీవితంలో నన్ను సార్ అని పిలిచిన మొదటి మనిషి.

కూరెకుప్ప ఊళ్ళో ఉండే చెల్లెలు మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. ఇంట్లోవాళ్ళకు ఆమె కొడుకు. మనకు చెల్లెలు. ఆమెకు మాటలు నాలుగైదే వస్తాయి. గనుల్లో పేలుళ్ళు మొదలైతే చెవులు మూసుకొని ఊగుతుంది.

ఒకరోజు ఆమె రింగ్ రాలేదు.

పరంజ్యోతి అంగడి మూసి, బండిని లగేజీ ఆటోలో ఎక్కించాడు. నేనూ వెళ్ళాను. దారిపొడవునా ఖనిజం లారీలు. ముందేముందో కనబడనంత ఎర్రదుమ్ము. అతను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గుతూనే ఉన్నాడు.

చీర కట్టుకుందని ఆమెను గదిలో పెట్టి తాళం వేశారు. వాళ్ళమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"లేసి పోప్పా ఈడనుంచి. మా ఆయన వస్తే సంపుతాడు."

"లేసేది వచ్చుంటే మిలిట్రీలో చేరుంటిని కదమ్మా! ఒక చెంబు నీళ్ళన్నా ఇయ్యి."

ఆమెకు నవ్వు ఆగలేదు. నీళ్ళు తెచ్చింది. వాటి వెనకే తాళంచెవి తెచ్చింది.

లోపల చెల్లెలు తల గోడకేసి కొట్టుకుంటోంది. పరంజ్యోతి నేలమీద పాకుతూ వెళ్ళి, ఆమెను తాకకుండా దూరంగా కూర్చున్నాడు. "చెల్లీ" అని ఒక్కసారి అన్నాడు. ఆమె ఆగేదాకా అక్కడే ఉన్నాడు.

తిరిగి వస్తుంటే వీధి మలుపులో చెల్లెలి నాన్న ఎదురయ్యాడు. "మల్లా ఈడ కనబడితే ఇద్దర్నీ లారీ కిందికి తోస్తా." గట్టిగా అరిచి ఉంటే ఇంత భయం వేసేది కాదు. మెల్లగా అన్నాడు.

నిన్న సాయంత్రం సమాధుల తోటకు చేరేసరికి పరంజ్యోతి పెట్టెమీది తెల్లగుడ్డ దుమ్ముకు ఎర్రబడిపోయింది.

పరంజ్యోతి అన్నకు ఇప్పుడు టిప్పర్లున్నాయి. వెంట జీపుల్లో తిరిగే మనుషులున్నారు. తమ్ముడి ఫోన్ అతని చొక్కా జేబులో ఉంది. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా మోగింది. ఒక్క రింగ్. ఆగింది. కాసేపటికి ఇంకొకటి.

అవి మీరే. మీకింకా తెలియదు.

"పొద్దున్నించి ఏందిది? ఒక్కొక్కడూ మోగిచ్చి కట్ చేస్తాండాడు," అన్నాడు పక్క మనిషితో. "మా తమ్మున్ని చెడగొట్టిన గుంపు ఇదే. ఒక్కొక్క నంబరుకీ నేనే చేస్తా. ఇంట్లో పెద్దోళ్ళతోనే మాట్లాడతా."

తరువాత నావైపు తిరిగాడు. "పొద్దున చేసింది నువ్వే కదప్పా? గొంతు గుర్తుండాది. వానికి ఏమవుతావు?"

"స్నేహితుణ్ణి."

"ఎట్లాంటి స్నేహితునివి?"

నేను తల దించలేదు.

అంతలో బ్యాటరీ అయిపోయి పరంజ్యోతి ఫోన్ ఆగిపోయింది. ఈ ఉదయం కాయిన్ బాక్స్ నుంచి చేసి చూశాను. ఇంకా స్విచ్చాఫ్. చుట్టాలు వెళ్ళిపోయాక వాళ్ళన్న చార్జింగ్ పెడతాడు.

కాబట్టి ఆ నంబర్‌కు రింగ్ ఇవ్వకండి. అక్కడినుంచి ఫోన్ వస్తే ఎత్తకండి. మీ ఫోన్ ఇంట్లో ఎవరి చేతికీ ఇవ్వకండి. రేపటినుంచి ఆ రింగ్ నాకు ఇవ్వండి. నేను తిరిగి ఇస్తాను. మూర్ఛ వచ్చిన రోజు ఆలస్యం కావచ్చు. అయినా ఇస్తాను.

పరంజ్యోతీ, వెళ్ళిరా నాయనా. దుమ్ము లేనిచోట నీ ఛాతీ నిండా గాలి దొరకాలి. అక్కడ నీకు నెమ్మది కలగాలి.

ఇక, దీన్ని తరువాత వినవలసింది కూరెకుప్ప చెల్లెలి అక్క. పక్క వీధిలోనే ఉంటుంది. ఆమెకు ఈ నెట్ తెలియదు. తోరణగల్లు ఫ్యాక్టరీ షిఫ్ట్‌కు వెళ్ళే మన ఆడవాళ్ళెవరైనా ఈ సాయంత్రమే వెళ్ళి చదివి వినిపించండి. నేను ఆ వీధిలో అడుగుపెడితే పని చెడుతుంది.

చెల్లెలు రోజూ ఉదయం రింగ్ ఇచ్చేది వాళ్ళ నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు, ఆయన ఫోన్‌నుంచి. రెండో బొత్తాం ఒత్తి పట్టుకుంటే పరంజ్యోతికి పోయేలా అక్కే అమర్చింది. అక్కడ నా నంబర్ పెట్టమనండి. పరంజ్యోతి అన్న ఆ ఫోన్‌కు చేసి అడిగినా, నిన్నటి ఒక్క రింగ్‌ను రాంగ్ నంబర్ అని దాటించవచ్చు. రేపూ జవాబు రాకపోతే చెల్లెలు మళ్ళీ మళ్ళీ నొక్కుతుంది. అప్పుడు దాటించలేము.

పరంజ్యోతి లేడన్న మాట ఆమెనుంచి దాచవద్దనండి. మెల్లగా, దూరంగా కూర్చొని చెప్పమనండి.

ఈ రెండూ రేపు ఉదయం వాళ్ళ నాన్న స్నానానికి వెళ్ళేలోపే.