మార్కెట్లో పేరు పిలిచే గొంతు

ఈ మధ్య మా వీధిలోకి ఉల్లిగడ్డల ఆటో ఒకటి వస్తోంది. అమ్మే మనిషి నోరు తెరవడు. మైకులో ఎప్పుడో రికార్డు చేసిన గొంతు ఒకటే పాఠం అప్పజెబుతూ ఉంటుంది. నిన్న పొద్దున వరండాలో పేపరు చదువుకుంటున్న మా ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, కాసేపు చెవి ఒగ్గి విని, "గొంతు మీద రుద్దుతుండు పాపం. కడుపుల గాలి లేదు" అని తీర్పు చెప్పి మళ్లీ పేపర్లో పడ్డాడు. వంటింట్లో నేనొక్కదాన్నే నవ్వుకున్నాను. గాలి ఎక్కడుండాలో ఈ మనిషికి ఎంత కష్టం మీద తెలిసివచ్చిందో చూసినదాన్ని నేనే కదా.

మా ఆయన ఇబ్రహీంపట్నం కూరగాయల మార్కెట్లో వేలం పిలిచేవాడు. ఒక కమీషన్ సేటు దుకాణంలో పని. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతులు తెల్లవారేసరికి టమాటా, వంకాయ, బీరకాయ తెచ్చి దించితే, ఈయన బోర్లించిన పెట్టె ఎక్కి నిలబడి ఒక్కో కుప్పనూ పిలిచేవాడు. ముందు రైతు ఊరు, తర్వాత రైతు పేరు, ఆ తర్వాతే సరుకు, రేటు. ఎవరి కష్టమో చెప్పకుండా అమ్మితే అది దొంగసొత్తు అమ్మినట్టేనని తనకు పని నేర్పిన పెద్దమనిషి చెప్పాడట. ఈయన పిలిస్తే రేటు పలుకుతుందని రైతుల నమ్మకం. కొందరైతే నిండు మార్కెట్లో తమ పేరు వినిపిస్తుంటే కండువా సర్దుకుని నిలబడేవారట. ఇదంతా ఆయన చెప్పగా నేను విన్నదే. పెళ్లయి అన్నేళ్లయినా ఆయన వేలం ఒక్కసారీ వినలేదు. ఇంట్లో ఉప్పు అందించమని అడిగేదీ అదే గొంతుతో కాబట్టి, వెళ్లి వినాల్సిన అవసరం కనిపించలేదు.

అవి హైదరాబాదు మా మీదికి పాకుతూ వస్తున్న రోజులు. పొలం గట్ల మీద ప్లాట్ల హద్దులు చూపే రంగు రాళ్లు లేచాయి. నిన్నటిదాకా బర్రెలు కాసినవాళ్లు చేతిలో సెల్‌ఫోన్లతో కార్లలో తిరిగారు. సాగర్ రోడ్డు మీద లారీల రొద పెరిగింది, మార్కెట్లో జనం పెరిగారు, పక్క దుకాణం వాళ్లు ఏకంగా మైకు పెట్టారు. దాని మీద గెలవాలని మా ఆయన పంతం పట్టాడు. మైకుకు కరెంటు ఉంది, ఈయనకు పంతం తప్ప ఏముంది? కొన్నాళ్లకు గొంతు బొంగురుపోయింది. ఆ తర్వాత మాట మధ్యలో గుడ్డ చిరిగినట్టు చీలిపోయేది. బుగ్గన కరక్కాయ, మిరియాల కషాయం, పచ్చిగుడ్డు, ఎవరేది చెబితే అది మింగాడు. చివరికి పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్తే, డాక్టరు గొంతులోకి గొట్టం దింపి చూసి, అరిచి అరిచి లోపల కాయలు కాశాయని, పారపట్టిన అరచేతిలో కాసినట్టేనని చెప్పి, గొంతుకు విశ్రాంతి ఇవ్వమన్నాడు. సేటు మంచివాడే, పనిలోంచి తీసేయలేదు. కాంటా దగ్గర నిలబెట్టి, పెట్టె మీదికి ఇంకొకరిని ఎక్కించాడు. ఈయన అన్నం సరిగా తినడం మానేసింది ఆ రోజు నుంచే.

విశ్రాంతి అంటే మా ఆయనకు అర్థమైంది గుసగుస. పొద్దున లేచింది మొదలు అంతా గాలి మాటలే. ఇంట్లో ఒక మనిషి గుసగుసలాడితే మిగతావాళ్ల గొంతులు కూడా తెలియకుండానే దిగిపోతాయి. ఆయన "నీళ్లు" అని గాలితో అడిగితే, నేనూ గాలితోనే "తెస్తున్న" అనేదాన్ని. మా అత్తమ్మకు అసలే వినికిడి తక్కువ. అందరి పెదవులూ కదులుతూ ఒక్క మాటా వినపడకపోయేసరికి తన చెవులు పూర్తిగా పోయాయని బెంగ పెట్టుకుంది. అంతటితో ఆగినా బాగుండేది. ఆ రోజుల్లో మా వైపు గుసగుసకు ఒకటే అర్థం, భూమి బేరం నడుస్తోందని. గోడకు చెవులుంటాయంటారు, మా గోడలకు కాళ్లు కూడా ఉన్నట్టున్నాయి. వారం తిరక్కుండా బాలాపూర్ నుంచి ఒక బ్రోకరు మోటారు సైకిల్ మీద దిగి, కొనే పార్టీ ఎవరో చెబితే చాలు, అంతకంటే మంచి రేటు ఇప్పిస్తానని నా వెంట పడ్డాడు. మాకున్నది ఉంటున్న ఇల్లు, పెరట్లో కరివేపాకు చెట్టు. ఆ మాట నేను గుసగుసగా చెప్పడంతో అతని అనుమానం ఇంకా గట్టిపడింది.

మమ్మల్ని ఈ గుసగుసల్లోంచి బయటపడేసింది ఆ కరివేపాకు చెట్టే అనాలి. పక్కింటి పై పోర్షన్లో పాటల టీచరమ్మ అద్దెకుండేది. భర్త ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు, కృష్ణా జిల్లా వైపు వాళ్లు. సాయంత్రాలు పిల్లలకు ప్రైవేటుగా పాట నేర్పేది. ఒకరోజు కరివేపాకు కోసం వచ్చి మా ఆయన గుసగుస విని, రెబ్బ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అన్నయ్యగారూ, మీరు అరిచినా ఇంత చేటు కాదు. గుసగుస గొంతును మరీ రుద్దేస్తుంది. మాట్లాడితే మామూలుగా మాట్లాడండి, లేదంటే పూర్తిగా నోరు మూసుకోండి" అంది. నోరు మూసుకోమని అంత మర్యాదగా చెప్పించుకోవడం మా ఆయనకు అదే మొదలు. కాయలు కరుగుతాయని తాను మాట ఇవ్వలేనని, డాక్టరుకు చూపించుకుంటూ ఉండాల్సిందేనని, కానీ గొంతును కష్టపెట్టకుండా వాడుకోవడం నేర్పగలనని చెప్పి, సాయంత్రం పైకి రమ్మంది.

పైకి వెళ్తే చాప మీద అంతా రెండో తరగతీ మూడో తరగతీ పిల్లలు. మూలన శ్రుతిపెట్టె మోగుతోంది. మీసాలాయన వచ్చి కూర్చునేసరికి పిల్లలు పాట ఆపి నోళ్లు తెరిచారు. మొదటి పాఠం, వెల్లకిలా పడుకుని పొట్ట మీద కందిపప్పు డబ్బా పెట్టుకుని ఊపిరి తీయడం. గాలి పీలిస్తే డబ్బా లేవాలి, భుజాలు కదలకూడదు. రెండోది, పెదవులు వదులు చేసి పిల్లలు బస్సాట ఆడేటప్పుడు చేసే బుర్రుమనే చప్పుడు చేయడం. మా ఆయన ఆ రోజు ఇంటికొచ్చి గోడకు తిరిగి పడుకున్నాడు. "రైతులు నన్ను చూస్తే లేచి నిలబడుతరు. ఈడ పోరగాండ్లతోని బస్సు నడపాల్నా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "గొంతు పోయినంక ఇజ్జత్ ఏం జేసుకుంటవ్? ఇటు తిరుగు, డబ్బ పెడుత" అన్నాను. మర్నాటి నుంచి పొద్దున్నే మా పప్పు డబ్బా ఆయన పొట్ట మీద, సాయంత్రం బస్సు టీచరమ్మ ఇంట్లో. వీధిలో వాళ్లు వేలం పిలిచేటోనికి సంగీతం ఎందుకని నవ్వారు. నవ్వనీ అన్నాను, నవ్వితే నాలుగు పళ్లు కనిపిస్తాయి, మనదేం పోయింది.

చప్పుడు లేకుండా పని నేర్చుకోవడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. రోజులో సగం మౌనం. మిగతా సగంలో పెదవులు మూసి తుమ్మెదలా మ్ మ్ అంటూ ఉండటం, దవడ వదులుగా వేలాడేసి ఆ, ఓ అనడం, మాటిమాటికీ నీళ్లు. టీచరమ్మ ఇంకో సంగతి కనిపెట్టింది. మా ఆయన సొంత గొంతు కింది స్థాయిదట. పని నేర్పిన పెద్దమనిషిది సన్నటి, పై స్థాయి గొంతట. ఆయనలాగే పిలవాలని ఇన్నేళ్లూ ఈయన మెడ నరాలు బిగించి పైకి ఎక్కుతూ వచ్చాడు. ఎవరి కొలతకో కుట్టిన చొక్కా తొడుక్కుంటే చంకలో చిరగక ఏం చేస్తుందని ఆమె నవ్వింది. సొంత గొంతులో మొదటిసారి గట్టిగా పలికిన రోజు మా ఆయన తనే వెనక్కి తిరిగి చూసుకున్నాడు, ఇంకెవరో మాట్లాడారనుకుని.

సరిగ్గా అప్పుడే కొంగరకలాన్ వైపు నుంచి టమాటా తెచ్చే పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. ఆయన భూమి ప్లాట్లకు పోయింది. కొన్నవాళ్లు నిలబడి ఉన్న పంట కోసుకునేదాకా ఆగుతామన్నారట. అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన ఛాయ్ చల్లారిపోయేదాకా తాగకుండా చెప్పాడు. "తమ్మీ, మా బాపు కాడికెల్లి గీ మార్కెట్‌కే తెస్తున్నం. గిది ఆఖరి కోత. నా పేరు నువ్వే పిలువాలె. ఇంకోని నోట్లెకెల్లి వినబుద్ధయితలేదు." మా ఆయనది అప్పుడు మౌనం వేళ. ఏమీ అనలేక తల ఊపాడు. పెద్దాయన ఆ ఊపుడు పట్టుకుని వెళ్లిపోయాడు.

టీచరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. గొంతు ఇప్పుడిప్పుడే కుదురుకుంటోందని, ఆ మైకు రొదలో పాత అలవాటు ఒక్కసారి తిరగబెడితే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరేనని, మళ్లీ చీలితే ఇక తాను కూడా ఏమీ చేయలేనని చెప్పింది. ఇంకో నెల ఆగలేరా అని అడిగింది. మా ఆయన "టమాట ఆగదు టీచరమ్మా" అన్నాడు. చివరికి ఆమె ఒక్క కుప్పే పిలవాలని, సొంత స్థాయి దాటకూడదని ఆయనకు షరతు పెట్టి, నా వైపు తిరిగి, "వదినగారూ, మీరు కూడా వెళ్లండి. మెడ మీద నరాలు లేచాయంటే అక్కడికక్కడే ఆపించండి" అంది. అలా నాకు మార్కెట్లో ఉద్యోగం దొరికింది.

ఆ పొద్దున ఛాయ్ హోటలు పక్కన నిలబడ్డాను. మార్కెట్టు తిరునాళ్లలా ఉంది. పెద్దాయన టమాటా పెట్టెలు వరుసగా పేర్చి ఉన్నాయి, పక్కన ఆయన. పక్క దుకాణం మైకు గీపెడుతోంది. మా ఆయన పెట్టె ఎక్కాడు. పెదవులు మూసి లోపలే ఏదో అనుకున్నాడు. అది తుమ్మెద పాఠమని అక్కడ నాకొక్కదానికే తెలుసు. "ఏందన్నా, దేవునికి మొక్కుకుంటున్నవా" అన్నాడు ముందు వరుసలో ఒక కొనుగోలుదారు, కొందరు నవ్వారు. మా ఆయన భుజాలు కదలలేదు, పొట్ట మాత్రం నిండింది. అప్పుడు పిలిచాడు. ముందు ఊరు. తర్వాత పెద్దాయన పేరు. ఆపైన ఎన్నడూ లేనిది, ఆయన తండ్రి పేరు.

అది అరుపు కాదు. ఆ రొదను తోసుకుని రాలేదు, దాని కిందినుంచి నిండుగా, తొణక్కుండా నడిచి వచ్చి నేను నిలబడ్డ చోటు దాటి ఆటోలు ఆగే దాకా పోయింది. సరుకు దించుకుంటున్నవాళ్లు తలలు ఎత్తారు. మైకు దగ్గరున్న ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారులు ఇటు జరిగారు. నా పని మెడ చూడటం. చూశాను, ఒక్క నరమూ లేవలేదు. ఆ తర్వాత చూడటమే మరిచిపోయాను. ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. మునుపైతే ఊపిరి చాలక వెంటనే మూడోసారి అనేసేవాడట. ఇప్పుడు తొందర లేదు. ఆగాడు. ఆ ఆగుడులో ఒకడు రేటు పెంచాడు, ఇంకొకడు దాని మీద పెంచాడు. సరుకు మంచి రేటుకే పోయింది. పెద్దాయన తలకు చుట్టిన తువ్వాలు విప్పి భుజం మీద వేసుకుని దగ్గరికి వచ్చాడు. "మా బాపు పేరు గూడ పిలిచినవ్. సాలు తమ్మీ" అన్నాడు.

మా ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చి, పరీక్ష రాసిన పిల్లవాడిలా, నరాలు లేచాయా అని అడిగాడు. లేవలేదన్నాను. "మస్తున్నది నీ గొంతు" అని కూడా అన్నాను. అన్నేళ్ల కాపురంలో అలా ఎదురుగా మెచ్చుకోవడం నాకూ మొదటిసారే, ఇద్దరికీ ఎటు చూడాలో తెలియక ఛాయ్ తాగాం. దసరా దాటాక డాక్టరు చూసి కాయలు బాగా తగ్గాయన్నాడు, సేటు మళ్లీ పెట్టె ఎక్కించాడు. మా ఆయన పని మానేసేదాకా ఆ సొంత గొంతుతోనే పిలిచాడు.

ఆ పెద్దాయన చేను ఎక్కడుండేదో ఇప్పుడు వెళ్లి చూసినా పోల్చుకోలేము. కొంగరకలాన్ అంటే ఈ కాలం పిల్లలు ఆఫీసులంటారు, ఫ్యాక్టరీ అంటారు, టమాటా అనరు. కాలం ఎవరి పేరునైనా ఒకనాటికి పిలవడం మానేస్తుంది, దాన్ని ఆపడం మా ఆయన తరమూ కాలేదు. కానీ మానేసే ముందు ఆ పేరును అందరికీ వినిపించేలా, ఎక్కడా చీలకుండా, తండ్రి పేరుతో సహా పిలిచింది మా ఆయనే.