గ్యారంటీ పోకుండా కాపాడిన బైసికిల్

మా వారికి బట్టలకొట్టు ఉందన్న సంగతి రాజమండ్రి బజారులో అందరికీ తెలుసు, ఒక్క మా వారికి తప్ప. మద్రాసు నుంచి బైసికిల్ దిగిన నాటి నుంచీ ఆయన ధ్యాసంతా దాని మీదే. మేమెరిగినంతలో ఊళ్ళో అప్పటికి అటువంటివి మూడే ఉండేవి. ఒకటి మాది, ఒకటి ప్లీడరుగారిది, ఇంకొకటి గోదావరి గట్టున కలప అడితి నడిపే షావుకారుగారిది. సాయంత్రమయ్యేసరికి మూడు బళ్ళూ మా అరుగుకి చేరగిలబడేవి. వాటి యజమానులు అరుగెక్కి కూర్చునేవారు. ఇక చూసుకోండి నా అవస్థ.

"మీ ఫ్రేము తేలికేనండి, కాదనను. గోతిలో పడితే నిలవాలి కదండీ!" అనేవారు షావుకారుగారు.

"మీది ఫ్రేమాండీ? దూలం. మీ అడితిలోనే కోయించారా ఏంటి?" అనేవారు ప్లీడరుగారు.

అది తేలకుండానే టైరుకీ, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకీ మధ్య సందు ఎవరి బండికి ఎక్కువన్న గొడవ మొదలయ్యేది. సందు తక్కువైతే బురదలో చక్రం పట్టేస్తుందట. కొలవడానికి వేలు పెట్టి చూసేవారు. ప్లీడరుగారి బండి సందులో ఆయన వేలు దూరేది, షావుకారుగారి వేలు దూరేది కాదు. "మీ వేలు లావైతే నా బండి తప్పా?" అని ఒకరు, "వేలు ఎవరిదైనా వేలేనండి!" అని ఇంకొకరు. పెళ్ళీడు పిల్లలున్న పెద్దమనుషులు! మజ్జిగ గ్లాసులు పట్టుకుని గుమ్మం వెనక నిలబడి వినలేక నా తల వాచిపోయేది.

వీటన్నిటినీ తలదన్నేది గ్యారంటీ. ఫ్రేము విరిగితే కొత్తది ఇస్తామని మద్రాసు కంపెనీవాళ్ళు రాసిన కాగితం ఒకటి బండితో పాటు వచ్చింది. దాన్ని ప్లీడరుగారు కోర్టులో చదివినట్టు చదివి అర్థాలు తీశారు. రంగు మీద గీత పడితే గ్యారంటీ చెల్లదన్నారు. పరాయి చెయ్యి పడినా చెల్లదన్నారు. మర్నాడే మా వారు కొట్టులోంచి మంచి మల్లుగుడ్డ తెచ్చి, పేలికలుగా చింపి, ఫ్రేముకీ ఫోర్కుకీ దెబ్బ తగిలిన కాలికి కట్టినట్టు వరసలు వరసలుగా చుట్టేశారు.

"ఏమండీ, ఇప్పుడా సందులో వేలు కాదు గదా, వెంట్రుక కూడా దూరదు" అన్నాను.

"నీకేం తెలుసు, ఊరుకోవే" అన్నారు. ఊరుకున్నాను. ఆ ఇంట్లో నేను చేసిందల్లా అదే.

మా పుట్టిల్లు మా వీధి చివరే. నాన్న పోయాక తమ్ముణ్ణి అమ్మే పెంచింది. ఆ ఏడు ఆషాఢంలో వాడు రంగూన్ పోతానన్నాడు. అమ్మ వద్దంది. మాటా మాటా పెరిగి, "వెళ్తే మళ్ళీ నా గడప తొక్కకు" అనేసింది. "తొక్కనులే" అని వాడు తెల్లవారకముందే మూట కట్టుకుని ధవళేశ్వరంలో కాకినాడ పడవ ఎక్కేశాడు. కాకినాడలో ఓడ ఎక్కితే ఇక అయిపోయినట్టే.

పొద్దెక్కాక అమ్మ మా దొడ్డిదారిన పరిగెత్తుకొచ్చింది. అమ్మ ఎన్నడూ అల్లుడి ఎదట పడేది కాదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటున నిలబడి నాతో చెప్పేది. ఆవేళా అంతే. "కడియం లాకుల దగ్గర కాలవ తలుపులు తీసేదాకా పడవ ఆగుతుందే. కోపంలో అన్నానని వాడితో చెప్పమనవే. పోతే పోనీ, ఒక్కసారి ఇంటికొచ్చి అన్నం తిని వెళ్ళమన్నానని చెప్పమను" అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను జట్కా పిలిపించబోయాను. "బైసికిల్ ఉండగా జట్కా ఏంటే!" అని మా వారు ఎగిరి గంతేశారు. నిజం చెప్పొద్దూ, ఆ బండిని చూసి నేను సంతోషపడింది ఆ ఒక్క పూటే.

మధ్యాహ్నం దాటాక ఆయన ఒంటరిగా తిరిగొచ్చారు. మోకాళ్ళ దాకా బురద. భుజం మీద బైసికిల్.

జరిగింది ఆయనే చెప్పారు. కాలవగట్టు వానకి నాని ఉంది. నల్లరేగడి మట్టి తడిసిన గుడ్డకి పట్టుకుని చక్రం బిగుసుకుపోయింది. పుల్లతో గోకి ఎక్కితే నాలుగడుగుల్లో మళ్ళీ బిగుసుకుంది. లాకుల్లో పడవ కనిపిస్తోంది, తలుపులు ఇంకా తియ్యలేదు. గట్టు మీద గేదెలు కాసే మనిషి, "బండి ఇక్కడెట్టేసి పరిగెత్తండి బాబూ, నేను సూత్తుంటాను" అన్నాడట. ఈయన వదల్లేదు. దాన్ని భుజానికెత్తుకుని నడిచారు. చేరేసరికి లాకు తలుపులు తీశారు, పడవ వెళ్ళిపోతోంది. పడవ పైన తమ్ముడు అటు తిరిగి కూర్చున్నాడట. పిలిస్తే నీళ్ళ హోరులో వినపడలేదట.

ఆ బండిని తీసుకెళ్ళి గోదాట్లో పారేయాలనిపించింది.

సాయంత్రం మామూలుగానే అరుగు నిండింది. గుడ్డ చుట్టడమే పొరపాటని ప్లీడరుగారు, తన బండైతే పడవని అందుకునేదని షావుకారుగారు. మళ్ళీ వేళ్ళు సందులో పెడుతున్నారు. నా పక్కన తలుపు చాటునున్న అమ్మ ఉన్నట్టుండి గడప దాటి, ముగ్గురు మగవాళ్ళ ముందూ నిలబడింది.

"అల్లుడుగారూ, దాన్నక్కడ వదిలేసి పరిగెత్తలేకపోయారా?"

ఆవిడ ఆయనతో ముఖాముఖి మాట్లాడింది అదే మొదలు. మా వారు గభాల్న లేచి నిలబడ్డారు.

"పరాయి చెయ్యి పడితే గ్యారంటీ పోతుందండి, అత్తయ్యగారూ."

"ఆ మాట నిజమేనండి" అన్నారు ప్లీడరుగారు.

అమ్మ లోపలికొచ్చి, దొడ్డిదారిన తన ఇంటికి వెళ్ళిపోయింది.

వాడి దగ్గర్నుంచి ఉత్తరం ముక్క రాలేదు. మేం కబురు పెడదామంటే ఎక్కడున్నాడో తెలియదు. బండికి మాత్రం గ్యారంటీ గడువు తీరేదాకా ఒక్క గీత కూడా పడలేదు. ఆ సంగతి మా వారు అరుగు మీద ఎంతమందికి చెప్పుకున్నారో. తమ్ముడూ తనన్న మాట తప్పలేదు. అమ్మ పోయిన రోజున కూడా ఆ గడప తొక్కలేదు.